కర్బన ద్రావణాన్ని మార్చే ఎలక్ట్రోలైజర్‌కు పేటెంటు: బాసర ఆర్జీయూకేటీ ఉపకులపతికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

పొగగొట్టం నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను క్షారద్రావణంలో పట్టి, ఆ ద్రావణాన్ని నేరుగా విద్యుత్ ఘటంలోకి పంపి, అందులోని కర్బనాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గానో ఫార్మేట్‌గానో మార్చే యంత్రానికి భారతదేశంలో పేటెంటు దొరుకుతుంది. దొరికేది ఆ ఆలోచనకు కాదు, దాన్ని అమలుచేసిన ఒక నిర్దిష్టమైన కూర్పుకు. ఆ కూర్పులోని భాగాలు విడివిడిగా సాధించలేని ఫలితాన్ని కలిసి సాధిస్తున్నాయని కొలతలతో చూపాలి. ఆ కొలతలు పరిశోధన వ్యాసంగా అచ్చయ్యే ముందే పేటెంటు దరఖాస్తులోకి ఎక్కాలి. ఈ రంగంలో పేటెంటు నిలవడం, పోవడం ఈ రెండు షరతుల మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ విషయం బాసరకు దూరమైనది కాదు. కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చిన గోదావరి బాసర దాటి దిగువకు సాగితే జైపూర్‌లో సింగరేణి సంస్థ నడిపే 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, రామగుండంలో ఎన్టీపీసీకి చెందిన 2,600 మెగావాట్ల పాత కేంద్రం, దాని పక్కనే 1,600 మెగావాట్ల తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రం వస్తాయి. బసంత్‌నగర్, దేవాపూర్, మంచిర్యాలలో సిమెంటు కర్మాగారాలున్నాయి. సిమెంటు బట్టీలో బొగ్గు మానేసినా కార్బన్ డయాక్సైడ్ ఆగదు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే రాయి నుంచే 44 కిలోల వాయువు వస్తుంది. అంటే పట్టవలసిన కర్బనం ఈ ప్రాంతంలోనే పుష్కలంగా ఉంది. దాని మీద పనిచేయడానికి కావలసిన కెమికల్ ఇంజనీరింగ్, లోహ పదార్థ శాస్త్ర శాఖలు 2008లో ఏర్పడిన ఆర్జీయూకేటీలో ఉన్నాయి. జైపూర్‌లో కార్బన్ డయాక్సైడ్ నుంచి మిథనాల్ తీసే ప్రయోగ ప్లాంటును సింగరేణి ఇప్పటికే చేపట్టింది. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ కేంద్రంలో ఎన్టీపీసీ 2022లో రోజుకు 20 టన్నుల వాయువును పట్టే ప్లాంటును నెలకొల్పింది.

వాడుకలో ఉన్న పద్ధతిలో వాయువును పట్టడం ఒక ఎత్తు, విడిపించడం మరో ఎత్తు. అమీన్ ద్రావణంతో పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను విడిపించడానికి ద్రావణాన్ని సుమారు 120 డిగ్రీల దాకా వేడిచేయాలి. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పట్టి, దాన్ని సున్నంతో కాల్షియం కార్బనేట్‌గా మార్చే పద్ధతిలో 900 డిగ్రీల బట్టీ కావాలి. విడిపించిన వాయువును మళ్లీ ఒత్తిడికి గురిచేసి, శుద్ధిచేసి, ఎలక్ట్రోలైజర్‌లోకి పంపాలి. అక్కడ ఇంకో నష్టం ఎదురవుతుంది. తటస్థ, క్షార ఘటాల్లో ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు తయారైన ప్రతిసారీ రెండు హైడ్రాక్సైడ్ అయాన్లు పుడతాయి. అవి మరో కార్బన్ డయాక్సైడ్ అణువును కార్బనేట్‌గా కట్టేస్తాయి. అందువల్ల లోపలికి పంపిన వాయువులో సగానికి మించి ఉత్పత్తిగా మారదు.

ద్రావణాన్నే ఘటంలోకి పంపితే ఈ మధ్య దశలు తప్పుతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టిన పొటాషియం ద్రావణంలో కర్బనం ముఖ్యంగా బైకార్బనేట్ రూపంలో ఉంటుంది. ఘటం మధ్యలో ద్విధ్రువ పొర ఉంటుంది. ధనాయాన్లను మాత్రమే పోనిచ్చే పొర ఒకటి, రుణాయాన్లను మాత్రమే పోనిచ్చే పొర ఒకటి అంటుకొని ఉండే రేకు అది. విద్యుత్తు పారినప్పుడు ఆ రెండు పొరల మధ్య నీరు విడిపోతుంది. హైడ్రాక్సైడ్ ఆనోడ్ వైపు, ప్రోటాన్ కాథోడ్ వైపు వెళతాయి. ప్రోటాన్ తగిలిన బైకార్బనేట్ అక్కడికక్కడే కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. పక్కనే ఉన్న వెండి ఉత్ప్రేరకం దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. మారకుండా మిగిలిన వాయువులో ఎక్కువ భాగం మళ్లీ ద్రావణంలోనే కరుగుతుంది. కర్బనం తగ్గి క్షారత పెరిగిన ద్రావణం వాయువును పట్టే గోపురానికి తిరిగి వెళుతుంది. పొగలో ఉండే ఆక్సిజన్ ద్రావణంలో చాలా తక్కువగా కరుగుతుంది కాబట్టి, అది కాథోడ్ దగ్గర ఎలక్ట్రాన్లను కాజేసే బెడద కూడా తగ్గుతుంది.

ఇందులో తయారయ్యే కార్బన్ మోనాక్సైడ్ రామగుండానికి కొత్త పదార్థం కాదు. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడిన అక్కడి పాత ఎఫ్‌సీఐ (భారత ఎరువుల సంస్థ) కర్మాగారం బొగ్గును వాయువుగా మార్చి, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల మిశ్రమం నుంచే అమ్మోనియా తీసేది. అదే మిశ్రమం మిథనాల్ తయారీకీ ముడిసరుకే.

పేటెంటు ప్రశ్న మొదలయ్యేది ఇక్కడే. బైకార్బనేట్ ద్రావణాన్ని ద్విధ్రువ పొర ఉన్న ప్రవాహ ఘటంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చిన పరిశోధనను కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కర్టిస్ బెర్లింగెట్ బృందం 2019లో ప్రచురించింది. చదరపు సెంటీమీటరుకు 25 మిల్లీ ఆంపియర్ల దగ్గర విద్యుత్తులో 81 శాతం, 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర 37 శాతం మాత్రమే కార్బన్ మోనాక్సైడ్ తయారీకి ఉపయోగపడినట్లు ఆ వ్యాసం చూపింది. మిగిలినది ప్రధానంగా హైడ్రోజన్‌గా పోయింది. అదే ఏడాది టొరంటో విశ్వవిద్యాలయంలో టెడ్ సార్జెంట్ బృందం కార్బనేట్ ద్రావణంతో ఇటువంటి పనినే ప్రచురించింది. 2021లో అమీన్ ద్రావణాన్ని నేరుగా మార్చిన పరిశోధన కూడా ఆ బృందం నుంచే వచ్చింది. కనుక ‘పట్టిన ద్రావణాన్ని నేరుగా విద్యుద్విశ్లేషణ చేసే పద్ధతి’ అని ఎవరైనా ఇప్పుడు క్లెయిమ్ (దరఖాస్తులో రక్షణ కోరే వాక్యం) రాస్తే అది మొదటి మెట్టు మీదే పడిపోతుంది. నూతనత్వానికి దేశం సరిహద్దు కాదు. ప్రపంచంలో ఎక్కడ అచ్చయినా అది పాత జ్ఞానమే.

1970 నాటి పేటెంట్ల చట్టం 2(1)(జె) సెక్షన్ ప్రకారం ఆవిష్కరణకు మూడు లక్షణాలు ఉండాలి. అది కొత్తదై ఉండాలి, అందులో ఆవిష్కరణాత్మక ముందడుగు ఉండాలి, పరిశ్రమలో పనికిరావాలి. మూడో లక్షణం ఈ యంత్రానికి సమస్య కాదు. రెండోదాన్ని 2(1)(జెఎ) సెక్షన్ వివరిస్తుంది. ఉన్న జ్ఞానంతో పోల్చితే సాంకేతిక పురోగతి గానీ, ఆర్థిక ప్రాముఖ్యం గానీ, రెండూ గానీ ఉండి, ఆ రంగంలో నైపుణ్యం ఉన్నవారికి అది తేలికగా తట్టేది కాకుండా ఉండాలి. కొత్తదనాన్ని దాటినా ఈ మెట్టు దగ్గర ఆగిపోయే దరఖాస్తులు ఎక్కువ. 25 మిల్లీ ఆంపియర్ల దగ్గర పనిచేసిన ఘటాన్ని 30 దగ్గర నడిపితే అది కొత్త అంకె అవుతుంది గానీ ఆవిష్కరణ కాదు.

ఈ మూడు లక్షణాలకు తోడు, పేటెంటు ఇవ్వకూడనివేవో చెప్పే 3వ సెక్షన్ ఉంది. ఎలక్ట్రోలైజర్ వ్యవస్థలకు అందులో మూడు ఉపసెక్షన్లు నేరుగా అడ్డుపడతాయి.

మొదటిది 3(డి). మందుల కేసుల వల్ల, ముఖ్యంగా 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన నోవార్టిస్ తీర్పు వల్ల ఈ ఉపసెక్షన్ ప్రసిద్ధమైంది. అయితే దాని చివరి భాగం యంత్రాలకు, ప్రక్రియలకు సంబంధించినది. తెలిసిన ప్రక్రియను గానీ యంత్రాన్ని గానీ ఊరికే మరోచోట వాడుకోవడం ఆవిష్కరణ కాదు. ఆ ప్రక్రియ కొత్త ఉత్పత్తిని ఇవ్వాలి, లేదా కనీసం ఒక కొత్త అభికారకాన్ని వాడాలి. కార్బన్ మోనాక్సైడ్ కొత్త ఉత్పత్తి కాదు. 2019 తర్వాత బైకార్బనేట్ కొత్త అభికారకమూ కాదు. మార్కెట్లో కొన్న ఘటంలో రామగుండం పొగను పట్టిన ద్రావణాన్ని పోసి నడిపినంత మాత్రాన ఈ అడ్డు తొలగదు. ఘటం నిర్మాణమే మారాలి. ద్రావణం ప్రవహించే దారి, కాథోడ్ రంధ్రాల పరిమాణం, పొరకూ ఉత్ప్రేరకానికీ మధ్య ఎడం వంటివాటిలో ఉన్న తేడాను క్లెయిమ్ స్పష్టంగా పేర్కొనాలి.

రెండోది 3(ఇ). పదార్థాలను ఊరికే కలిపితే, ఆ మిశ్రమంలో వాటి గుణాల మొత్తం తప్ప మరేమీ రాకపోతే, దానికి పేటెంటు లేదు. పట్టే ద్రావణంలో లవణమో తలతన్యతను తగ్గించే పదార్థమో కలిపి హైడ్రోజన్ పుట్టుకను తగ్గించామని చెప్పేవారికి ఈ ఉపసెక్షన్ ఎదురవుతుంది. పదార్థం ఒక్కటే వాడినప్పుడు వచ్చిన ఫలితం, అది లేని ద్రావణంతో వచ్చిన ఫలితం, రెండూ కలిసినప్పుడు వచ్చిన ఫలితం పక్కపక్కన పట్టికలో ఉండాలి. కలిసినప్పటి ఫలితం విడి ఫలితాల కూడికను దాటాలి.

మూడోది 3(ఎఫ్). తెలిసిన పరికరాలు ఒక్కొక్కటి తమ పాత పని తాము చేసుకుపోతుంటే, వాటిని ఒకచోట అమర్చడం ఆవిష్కరణ కాదు. వాయువును పట్టే గోపురం, పంపు, ఎలక్ట్రోలైజర్, సౌర ఫలకాలు వరుసగా పెట్టి గొట్టాలతో కలిపిన బొమ్మ దీనికి సరైన ఉదాహరణ. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల్లో కనిపించే వ్యవస్థల బొమ్మలు చాలావరకు ఈ గీత లోపలే ఉండిపోతాయి. గీత దాటాలంటే ఒక భాగం మరో భాగం పనితీరును మార్చాలి. ఘటం నుంచి తిరిగి వచ్చే ద్రావణపు పీహెచ్‌ను బట్టి గోపురంలో ప్రవాహం మారడం, ఆ మార్పు మళ్లీ కాథోడ్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ లభ్యతను నిలకడగా ఉంచడం అటువంటి పరస్పర చర్య. ఈ నియంత్రణను కంప్యూటర్ ప్రోగ్రాంగా మాత్రమే క్లెయిమ్ చేస్తే 3(కె) అడ్డుపడుతుంది. సెన్సర్, వాల్వు, ఘటంతో కలిపి వ్యవస్థగా రాసి, సాంకేతిక ఫలితాన్ని చూపితే అవకాశం ఉంటుంది.

కూర్పుల విషయంలో న్యాయస్థానాల ధోరణి కొత్తది కాదు. విశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్‌ల మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1978లో తీర్పు ఇచ్చింది. లోహపు పాత్రలకు మెరుగు పెట్టేటప్పుడు వాటిని పట్టి ఉంచే పద్ధతిపై ఉన్న పేటెంటును ఆ తీర్పు కొట్టేసింది. తెలిసిన భాగాల కలయిక పేటెంటుకు అర్హం కావాలంటే అది వర్క్‌షాపులో పనివాడు చేసుకునే మామూలు మెరుగుదలను మించి ఉండాలని, కొత్త ఫలితమో, మేలైన లేదా చౌకైన వస్తువో రావాలని కోర్టు చెప్పింది. ఎలక్ట్రోలైజర్ దరఖాస్తును పరిశీలించే అధికారి చేతిలో ఇప్పటికీ ఉన్న కొలబద్ద అదే.

‘చౌక’ను కూడా లెక్కలతో చెప్పవచ్చు. ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువుకు రెండు ఎలక్ట్రాన్లు కావాలి. ఘటం 3 వోల్టుల దగ్గర నడుస్తూ, పారిన విద్యుత్తంతా అందుకే ఉపయోగపడితే కిలో కార్బన్ మోనాక్సైడ్‌కు సుమారు 5.7 యూనిట్ల కరెంటు అవుతుంది. విద్యుత్తులో 37 శాతమే ఉపయోగపడితే అది 15.5 యూనిట్లకు పెరుగుతుంది. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను పూర్తిగా మార్చడానికి, నూరు శాతం సామర్థ్యంతోనైనా, సుమారు 3,650 యూనిట్లు కావాలి. ఆ కరెంటును బొగ్గుతోనే తీస్తే మార్చిన టన్నుకు బదులు మూడు టన్నులకు పైగా కొత్త కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కనుక ఈ యంత్రానికి సౌరవిద్యుత్తు వంటి ఆధారం తప్పదు. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 2022 జులై నుంచి పూర్తిస్థాయిలో నడుస్తున్న 100 మెగావాట్ల తేలియాడే సౌరకేంద్రం అటువంటి ఆధారమే. అయితే సౌరవిద్యుత్తు పగలు పెరిగి, మబ్బుపడితే తగ్గి, రాత్రి ఆగిపోతుంది. ఆగి ఆగి నడిచే ఘటంలో ఉత్ప్రేరకం, పొర పాడవకుండా చూడటం పరిష్కారం కోరుతున్న సాంకేతిక సమస్య.

ఉత్తర తెలంగాణలో కొత్తదనానికి చోటు ఎక్కువగా ఉన్నది మలినాల దగ్గర. ప్రయోగశాల ఘటాలు సాధారణంగా శుద్ధమైన పొటాషియం బైకార్బనేట్‌తో నడుస్తాయి. బొగ్గు కేంద్రం పొగను పట్టిన ద్రావణంలో సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి వచ్చిన లవణాలు, బూడిద నుంచి కరిగిన ఇనుము వంటి లోహాలు చేరతాయి. భారతీయ బొగ్గులో గంధకం తక్కువ, బూడిద ఎక్కువ. ఇనుము కాథోడ్ మీద పేరుకుంటే కార్బన్ మోనాక్సైడ్ తగ్గి హైడ్రోజన్ పెరుగుతుంది. నైట్రేటు తానే ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఈ మలినాలను తట్టుకునే ఎలక్ట్రోడు, లేదా వాటిని ఘటంలోకి రాకముందే అదే విద్యుత్తుతో తొలగించే ముందుగది తయారుచేసి, అసలైన పొగతో వందల గంటలు నడిపి చూపితే, అది నైపుణ్యం ఉన్నవారికి తేలికగా తట్టేది కాదని వాదించడానికి బలం ఉంటుంది. బ్రిటిష్ కొలంబియాలోనో టొరంటోలోనో కూర్చున్నవారికి అందుబాటులో లేని ద్రావణం బాసరకు కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉంది.

దరఖాస్తులో ఏం రాయాలో 10వ సెక్షన్ చెబుతుంది. ఆవిష్కరణను, దాన్ని నడిపే తీరును పూర్తిగా వర్ణించాలి. దరఖాస్తుదారుకు తెలిసిన వాటిలో అత్యుత్తమమైన పద్ధతిని దాచకుండా చెప్పాలి. క్లెయిమ్‌లు ఆ వర్ణనకు తగినంతగానే ఉండాలి. ఎలక్ట్రోలైజర్ విషయంలో ద్రావణం గాఢత, పీహెచ్, ఉష్ణోగ్రత, ప్రవాహ వేగం, ఎలక్ట్రోడు వైశాల్యం, విద్యుత్ సాంద్రత, ఘటం వోల్టేజి, ప్రతి ఉత్పత్తికీ ఉపయోగపడిన విద్యుత్తు శాతం, నడిచిన గంటలు తప్పనిసరి. వచ్చిన కర్బన ఉత్పత్తి నిజంగా బైకార్బనేట్ నుంచే వచ్చిందని, కర్బనంతో చేసిన ఎలక్ట్రోడు కరగడం వల్ల రాలేదని తేల్చే పోలిక ప్రయోగం ఉండాలి. వెండి మీద మాత్రమే ప్రయోగం చేసి ‘ఏ లోహమైనా’ అని క్లెయిమ్ రాస్తే, వెండికి దొరకవలసిన రక్షణ కూడా చిక్కుల్లో పడవచ్చు. ముందున్న పేటెంట్లను వెతకడానికి అంతర్జాతీయ వర్గీకరణలో సి25బి 3/26, సి25బి 1/23, పొరలున్న ఘటాలకు సి25బి 9/23, పట్టే పద్ధతులకు బి01డి 53/62 అనే సంకేతాలు తొలి ఆధారాలు.

విశ్వవిద్యాలయాల్లో పేటెంటు చేజారేది ఎక్కువగా తొందరపాటు ప్రచురణ వల్లనే. గ్రంథాలయంలో పెట్టిన పరిశోధన గ్రంథం, సదస్సు సంచికలో వచ్చిన సారాంశం, ఎవరైనా చూడగల పోస్టరు, అన్నీ ప్రచురణలే. రచయిత సొంత వ్యాసమే ఆయన దరఖాస్తుకు అడ్డుపడుతుంది. 31వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలో చూపినా, విద్వత్సభలో ఆవిష్కర్త పత్రం చదివినా 12 నెలల్లోపు దరఖాస్తు చేసుకోవచ్చు. పరీక్ష కోసం బహిరంగంగా నడపక తప్పని యంత్రాలకు 32వ సెక్షన్ ఒక ఏడాది గడువు ఇస్తుంది. జైపూర్ వంటి చోట జరిగే క్షేత్ర పరీక్షకు అది పనికిరావచ్చు. ఈ వెసులుబాట్లు ఇరుకైనవి, ఇతర దేశాల్లో ఇలాగే ఉండవు. వాటి మీద ఆధారపడటం కంటే తాత్కాలిక వివరణతో ముందే దరఖాస్తు వేయడం మేలు. 9వ సెక్షన్ ప్రకారం పూర్తి వివరణ ఇవ్వడానికి ఆ తర్వాత 12 నెలలు ఉంటాయి. ఈలోగా వందల గంటల పరీక్ష పూర్తవుతుంది, వ్యాసమూ వెలువడవచ్చు. దేశంలో నివసించేవారు విదేశాల్లో ముందుగా దరఖాస్తు చేయాలంటే 39వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి.

ఖర్చు ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. 2021 సెప్టెంబరులో నిబంధనలు మార్చి విద్యాసంస్థలకు పేటెంటు రుసుముల్లో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తుకు 1,600 రూపాయలు, పరిశీలన కోరడానికి 4,000 రూపాయలు మూల రుసుము. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. 2024 మార్చి 15 తర్వాతి దరఖాస్తులకు పరిశీలన కోరే గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది. రాష్ట్ర చట్టంతో ఏర్పడి ప్రభుత్వ ఆధీనంలో ఉన్న సంస్థలకు వేగవంతమైన పరిశీలన కోరే అర్హత కూడా ఉంది. పేటెంటు వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు అమల్లో ఉంటుంది. దాన్ని నిలుపుకోవడానికి పునరుద్ధరణ రుసుములు కట్టాలి, ఉపయోగంలో ఉందో లేదో నిర్ణీత కాలానికోసారి నివేదిక ఇవ్వాలి.

హక్కు ఎవరిదన్నది ముందే తేలాలి. విద్యార్థి విశ్వవిద్యాలయ ఉద్యోగి కాడు. అతని ఆవిష్కరణ దానంతట అది సంస్థకు చెందదు. బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలని 68వ సెక్షన్ చెబుతుంది. సింగరేణితోనో ఎన్టీపీసీతోనో కలిసి పనిచేస్తే 50వ సెక్షన్ కీలకమవుతుంది. వేరే ఒప్పందం లేకపోతే సహ యజమానులలో ఎవరికి వారు పేటెంటును సొంతానికి వాడుకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పనక్కర్లేదు. కానీ రెండోవారి సమ్మతి లేకుండా ఇతరులకు లైసెన్సు ఇవ్వలేరు. కర్మాగారం ఉన్న సంస్థకు ఈ ఏర్పాటు అనుకూలం. కర్మాగారం లేని విశ్వవిద్యాలయానికి లైసెన్సు ద్వారానే రాబడి వస్తుంది కాబట్టి ఆ దారి మూసుకుపోతుంది. ఒప్పందంలో లైసెన్సు హక్కును ముందే రాసుకుంటే తప్ప ఉమ్మడి పేటెంటు విశ్వవిద్యాలయానికి కాగితంగానే మిగులుతుంది.

వీటన్నిటి దృష్ట్యా పాలకమండలి ముందుకు రావలసిన నిర్ణయాలు నాలుగు. ప్రచురణకు గానీ ప్రదర్శనకు గానీ వెళ్లే ప్రతి వ్యాసాన్నీ, ప్రాజెక్టునూ ముందు పేటెంటు దృష్టితో చూసే చిన్న సంఘం ఏర్పాటు కావాలి. ప్రయోగ పుస్తకాల్లో విడి భాగాల ఫలితాలను, కలిపిన ఫలితాన్ని తేదీలతో నమోదు చేసే పద్ధతి శాఖలన్నిటిలో రావాలి. విద్యార్థుల హక్కులు, వాటా తెలిపే మేధోసంపత్తి విధానం ప్రవేశాల సమయంలోనే వారి చేతికి అందాలి. విద్యుత్, సిమెంటు సంస్థలతో చేసుకునే ప్రతి ఒప్పందంలో అసలైన పొగ ద్రావణం నమూనాల సరఫరా, ఉమ్మడి పేటెంటుపై లైసెన్సు హక్కు విడి షరతులుగా ఉండాలి. మొదటి మూడింటిని విశ్వవిద్యాలయం తనంతట తానే అమలు చేయగలదు. నాలుగోదానికి రామగుండం, జైపూర్ కేంద్రాల యాజమాన్యాల అంగీకారం కూడా అవసరం.

ఇట్లు,
ఒక పౌరుడు, బాసర